వెదర్‌బెక్ వారి ఆడపడుచు

నెహ్రూ నగర్, భిలాయి
జూలై 9, 1983

ప్రియమైన నాన్నగారికి,

ఈ ఉదయం మిస్ కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని వరండాలోకి వచ్చారు. రెండోదాన్ని చేత్తో పట్టుకుని, దాంతో ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డారు. నేను చూడనట్టే పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, తర్వాత వెళ్ళి సరిచేశాను. ఆవిడ థాంక్యూ అనలేదు. బడిలో సుద్దముక్క అందించినా ఆ మాట మా చేత అనిపించకుండా వదలని మనిషి.

మీరు వైజాగ్ స్టీలు ప్రాజెక్టుకు వెళ్ళేటప్పుడు స్టేషనుకు వచ్చి చెయ్యి ఊపిన మిస్ వెదర్‌బెక్ ఇప్పుడు లేరు. మార్చిలో పక్షవాతం వచ్చి వెళ్ళాక ఎడమ చేతిలో పట్టు కొంచెం కొంచెంగా తగ్గిపోతోంది. నేను స్కూలు లైబ్రరీలో పని ముగించుకుని వచ్చేదాకా పక్కింటి మణిమాల గారు చూస్తున్నారు. రాత్రి నేను చూస్తాను. మన క్వార్టరు ఖాళీ చేశాక తన ముందుగది నాకు ఇచ్చింది ఆవిడే కాబట్టి ఇందులో గొప్పేమీ లేదు. అలసట మాత్రం ఉంది.

కొత్త సంగతి ఏమిటంటే, ఇంటి యజమాని సాహూజీ వచ్చి కొడుక్కి పెళ్ళి కుదిరిందని చెప్పారు. మర్యాదస్తుడు. "బేటీ, దీవాలీ తక్" అన్నారు. దీపావళికి ఇల్లు ఖాళీ చెయ్యాలి. నేను ఎక్కడైనా ఉండగలను. మిస్ కోసం రాంచీ దారిలో సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమానికి రాశాను. చోటు ఉందట. కానీ చివర్లో వచ్చి తీసుకువెళ్ళి ఖననం చేస్తామని కుటుంబంలో ఒకరు మాట ఇవ్వాలట. నేను ఇస్తానంటే, శిష్యురాలు కుటుంబం కాదని జవాబు వచ్చింది.

మిస్‌కు ఎవరూ లేరు. తమ్ముడు ఖరగ్‌పూర్‌లో పెళ్ళి కాకుండానే పోయారు. క్లాసులో ఎప్పుడూ అనేవారు, ఈ దేశంలో వెదర్‌బెక్‌ల కంటే పులులే ఎక్కువని. వెదర్ అంటే వాతావరణం కదా అని వెనక బెంచీ పిల్లలు ఆవిడను హిందీలో మౌసమ్ మిస్ అనేవారు. ఆవిడకు తెలుసు.

అంత అరుదైన పేరు కాబట్టే వెతకడం సులువని నాకు అనిపిస్తోంది. ఇంగ్లండులో ఎవరైనా ఉంటే ఒక్క మాట ఇస్తారేమో. వాళ్ళు రానక్కర్లేదు, ఇస్తే చాలు. ఎక్కడ మొదలుపెట్టాలో మీరు చెప్పండి.

మీ ఛాయ


విశాఖపట్నం
జూలై 21, 1983

చిరంజీవి ఛాయకు నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. చెప్పుల సంగతి దగ్గర ఆపి ఉండాల్సింది. "ఆ దొరసానికి చెప్పులు తొడుగుతుంది గానీ, నా మోకాళ్ళకి కాపడం పెట్టడానికి దానికి సెలవు దొరకదేటి?" అంది. ఈ ఇంట్లో ఇంకో గది ఉంది, దానికి కిటికీ కూడా ఉంది అని మాత్రం నీకు చెప్పమంది. చెప్పాను.

ఇక నీ పని. మద్రాసులో ఇంగ్లీషు వాళ్ళ లైబ్రరీ ఉంది, అక్కడ వాళ్ళ దేశపు టెలిఫోను పుస్తకాలు ఉంటాయని మా ఆఫీసులో ధర్మారావు చెప్పాడు. వాళ్ళకు రాయి. పేరు దొరికిన ప్రతి ఇంటికీ విడిగా ఉత్తరం వెయ్యి. ఎలా రాయాలో కూడా చెబుతాను. "ఒక ముసలావిడకు సాయం చెయ్యండి" అని మొదలుపెట్టకు. అలా రాస్తే చందాలవాళ్ళం అనుకుంటారు. "మీ ఇంటి ఆడపడుచు ఇక్కడ ఉన్నారు" అని రాయి. మనలో ఇంటిపేరు ఒకటైతే మిగతా సంబంధం అడగం కదా. రైల్లో ఎవరైనా మన ఇంటిపేరు చెబితే మీ అమ్మ టిఫిను డబ్బా విప్పేస్తుంది. పెద్ద ఇంటిపేరు అయితే ఊళ్ళు తేడా రావచ్చు గానీ, ఇంత చిన్న పేరంటే ఒక్క ఇల్లే. ఒక్క ఇల్లంటే వాళ్ళు కాదనడానికి ఉండదు.

నువ్వు తింటున్నావా? అక్షరాలు సన్నబడ్డాయి.

నాన్న
పరబ్రహ్మం


నెహ్రూ నగర్, భిలాయి
సెప్టెంబరు 18, 1983

ప్రియమైన నాన్నగారికి,

ఇన్నాళ్ళు రాయనందుకు మన్నించాలి. రాయడానికి ఏమీ లేక కాదు, రాసి రాసి చెయ్యి విసిగింది.

పేరు ఎక్కడిదో తెలిసింది. మద్రాసు లైబ్రరీలో ఎవరో ఓపికమంతులు డైరెక్టరీలన్నీ తిరగేసి చిరునామాలు పంపారు. ఇంగ్లండు మొత్తంలో ఇరవై ఇళ్ళ లోపే. స్కూలు అట్లాసు మీద ట్రేసింగ్ కాగితం పరిచి ఇంటికొక సిరాచుక్క పెట్టాను. దేశమంతా ఖాళీ. ఉత్తరాన, స్కాట్లండుకు కొంచెం కింద, ఒక లోయలో మాత్రం చుక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అక్కడి నుంచి తూర్పు సముద్రం దాకా బొగ్గు ఊళ్ళలో కొన్ని, ఒక రేవు పట్టణంలో రెండు. దక్షిణాన, ఎక్కడో మూలన, ఒక్కటి. మిస్‌కు చూపిస్తే అన్నిటినీ వదిలి ఆ ఒక్కదాని మీద వేలు పెట్టారు. "పాపం, ఇతనికి ఎవరూ లేరు" అన్నారు.

ఆ లోయలోని చర్చి పాస్టరు పెద్ద ఉత్తరం రాశారు. బెక్ అంటే అక్కడి మాటలో కొండ దిగే చిన్న ఏరట. వెదర్ అంటే పొట్టేలు. ఉన్ని కత్తిరించే ముందు పొట్టేళ్ళను కడిగే ఏటి ఒడ్డున ఒకే ఇల్లు ఉండేది, ఆ ఇంటివాళ్ళకు ఆ పేరు వచ్చింది. చర్చి పుస్తకాల్లో దాదాపు రెండు వందల ఏళ్ళు ఆ పేరు ఆ లోయ దాటలేదు. తర్వాత కొండల్లో సీసం గనులు పడ్డాయి. కుటుంబాలు పెరిగాయి. సీసం ధర పడిపోయి గనులు మూతపడ్డాక కొందరు బొగ్గుకు వెళ్ళారు, కొందరు ఓడలెక్కారు. థామస్ అనే కుర్రవాడు ఇంజన్ల పని నేర్చుకుని ఇండియా వెళ్ళాడని ఉంది. ఆయన మిస్ తాతగారు. ఇది చదువుతుంటే నాకు మన స్టీలు ప్లాంటు సెక్టరులోని ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి. ఎక్కడ కొలిమి రాజేస్తే అక్కడికి మనుషులు వెళ్తారు, పేరు వెంట తీసుకుని.

ఉత్తరాలు అందరికీ వేశాను. మీరు చెప్పినట్టే "మీ ఇంటి ఆడపడుచు" అని రాశాను. సగం మంది కూడా జవాబివ్వలేదు. ఇచ్చినవాళ్ళు మర్యాదగానే ఇచ్చారు. ఒకావిడ చర్చి బొమ్మ ఉన్న కార్డు పంపారు. ఒకాయన ఇండియా స్టాంపులు కావాలన్నారు. అందరూ తమది వేరే శాఖ అన్నారు. బొగ్గు ఊరి నుంచి ఒకాయన మాత్రం, "మా కుటుంబపు స్త్రీలు ఎవరూ ఇండియాలో లేరు. మీరెవరో, మా నుంచి ఏం ఆశిస్తున్నారో నాకు తెలియడం లేదు" అని రాశారు. అందులో అబద్ధం లేదు. వాళ్ళకు పేరు కలవడం వేరు, మనిషి తమవాడు కావడం వేరు. మనం మన అలవాటు వాళ్ళ మీద పెట్టాం, నాన్నగారూ. తప్పు వాళ్ళది కాదు.

ఆ ఉత్తరం మిస్‌కు చదవక తప్పలేదు, ఎదురుగానే విప్పాను. "వ్యాకరణం బాగుంది" అన్నారు. ఆ రోజు అన్నం తినలేదు.

సాహూజీ సున్నం వేయించడానికి మనిషిని తెచ్చి గోడలు కొలిపించారు. ఆశ్రమం వాళ్ళు ఆ మంచం ఇంకెవరికో ఇస్తామని రాశారు. ఇక ఎవరికి రాయాలో నాకు తెలియడం లేదు.

మీ ఛాయ


విశాఖపట్నం
అక్టోబరు 9, 1983

చిరంజీవి ఛాయకు నాన్న ఆశీస్సులు.

ముందుగా, తప్పు నాదే. ఆ వాక్యం నేను చెప్పాను కాబట్టి ఆ బొగ్గు ఊరాయన మాటలు నాకు తగలాల్సింది, మీ మిస్‌కు తగిలాయి. బెక్ అంటే మన గెడ్డే. మన లెక్కన ఆవిడ గొర్రెలగెడ్డ వారి అమ్మాయి. శ్రీకాకుళంలో అలాంటి ఇంటిపేరు ఉన్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ఈ మాట ఆవిడకు చెబితే నవ్వుతుందేమో చూడు.

ఇప్పుడు ఇంకో మాట. నిదానంగా చదువు.

మా ఆఫీసు శంకరరావుకు రైల్వేలో చుట్టాలున్నారు. వాల్తేరు లోకో షెడ్డులో డబ్ల్యూ. గురునాథరావు అని ఒక ఫిట్టరు ఉన్నాడట. మనవాళ్ళ పొడి అక్షరం సంగతి నీకు తెలుసు కదా, దాని వెనక ఏముందో ఎవరూ అడగరు. శంకరరావు తమ్ముడు ఒకసారి అడిగితే "వెదర్‌బెక్ అండి" అన్నాడట. షెడ్డంతా నవ్వుకున్నారట.

నిన్న ఇక్కడే కంచరపాలెంలో వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల పెంకుటిల్లు. గురునాథరావు తాత, మీ మిస్ తాతగారి దగ్గర వంటవాడు. క్రైస్తవంలో చేరినప్పుడు దొర పేరే తనకూ పెట్టుకున్నాడు. రక్తసంబంధం లేదు. ఆ సంగతి నేను అడక్కముందే గురునాథరావు చెప్పాడు. ఇంట్లో గొంతు ఉన్నది ఆయన భార్య గున్నమ్మకు. నేను విషయం చెబుతుంటే బియ్యంలో రాళ్ళు ఏరుతూ విని, చేట పక్కన పెట్టింది.

"ఏటి బాబూ, మా ఇంటిపేరు పెట్టుకోని ఒక ముసిలమ్మ ఒంటరిగా ఉందా? మరిన్నాల్లూ ఎవులూ సెప్పరేటి?"

మీ ఇంటి మనిషి కాదమ్మా, పేరు మాత్రమే అన్నాను.

"పేరు మాత్తరమే అంటే? నానీ ఇంట పుట్టాన? నానూ కోడలిగా వచ్చినదాన్నే. ఆ పేరే కదా నన్నిక్కడ నిలబెట్టింది. రగతం గురించి నాకేటీ తెల్దు బాబూ. ఎప్పుడెల్లి తీసుకురావాలో అది సెప్పండి."

నేను ఆశ్రమానికి ఒక మాట ఇస్తే చాలని చెప్పాను. ఆవిడ మొగుడి వైపు చూసింది. "సచ్చిపోయాక తెస్తామని మాటిచ్చీదానికి, బతికుండగా తెచ్చుకుంటే ఏం పోద్ది?" అంది. గురునాథరావు తల ఊపాడు. అతనికి రైల్వే పాసు ఉంది.

నేను అవునని గాని కాదని గాని చెప్పకుండా వచ్చాను. మీ మిస్‌ను అడుగు.

నాన్న
పరబ్రహ్మం


నెహ్రూ నగర్, భిలాయి
అక్టోబరు 19, 1983

ప్రియమైన నాన్నగారికి,

అడిగాను. కుదరదన్నారు.

మీ ఉత్తరం మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. గొర్రెలగెడ్డ దగ్గర నవ్వారు. వంటవాడి మాట రాగానే నవ్వు ఆగింది. ఆయన ఆవిడకు గుర్తున్నారు. చిన్నప్పుడు బిలాస్‌పూర్‌లో కరివేపాకు వేసి చేపలు వండేవారట. "మంచివాడు. కానీ వాళ్ళు వెదర్‌బెక్‌లు కారు, ఛాయా. వంటవాళ్ళ కుటుంబం" అన్నారు. ఇంగ్లండులో ఆ బొగ్గు ఊరాయన మిస్‌ను కాదనడానికి వాడిన గొంతే ఇది. ఆ సంగతి నేను ఆవిడకు చెప్పలేదు. ఆవిడకు తట్టిందో లేదో తెలియదు.

సోమవారం స్నానాలగదిలో పడ్డారు. ఎముక విరగలేదు. నేను ఒక్కదాన్నే ఎత్తలేక మణిమాల గారిని పిలిచాను. ఇద్దరం ఎత్తి మంచం మీద పడుకోబెట్టాక మిస్ గోడవైపు తిరిగి, తనను ప్రభుత్వాసుపత్రిలో చేర్పించి నన్ను వెళ్ళిపొమ్మన్నారు. క్లాసులో హోంవర్కు చెప్పినట్టే చెప్పారు.

దయచేసి గున్నమ్మ గారిని రావద్దని చెప్పండి. అంత దూరం వచ్చాక వాళ్ళను గడపలోంచి పంపెయ్యడం నా వల్ల కాదు. నిజానికి ఇప్పుడు ఏదీ నా వల్ల కాదు.

మీ ఛాయ


విశాఖపట్నం
అక్టోబరు 27, 1983

ఛాయా,

నీ ఉత్తరం ఈరోజు అందింది. కంచరపాలెం వెళ్ళాను, తాళం వేసి ఉంది. నిన్ననే పాసింజరు ఎక్కారట. నేను చెప్పకపోయినా శంకరరావు దగ్గర మీ చిరునామా తీసుకున్నారు. ఆవిడ వెంట ఎండుచేపల మూట తీసుకెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. సాహూజీ శాకాహారి అయితే ముందే చూసుకో.

నేను రేపు ఆఫీసు పని మీద కలకత్తా వెళ్తున్నాను, నవంబరు మధ్యలో వస్తాను. ఏం జరిగిందో ఇంటికి రాయి. అమ్మకు నువ్వు రాసిన చివరి వాక్యం చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

నాన్న


నవంబరు 14, 1983

ప్రియమైన నాన్నగారికి,

మీరు కలకత్తా నుంచి వచ్చేసరికి ఇది ఇంట్లో ఉంటుంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ కార్డు కంటే వాళ్ళు ముందు వచ్చారు. రిక్షా దిగి, గున్నమ్మ గారు వాకిట్లో చెప్పులు విడిచి, నేను ఏదో చెప్పబోతుంటే నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి మిస్ మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. గురునాథరావు గారు గుమ్మం బయటే నిలబడ్డారు.

మిస్ లేచి కూర్చోవాలని ప్రయత్నించారు. కూర్చోబెట్టాను. జుట్టు సర్దుకుని, "ఆవిడకు చెప్పు ఛాయా. పొరపాటు జరిగింది. మేము బంధువులం కాము" అన్నారు. నేను తెలుగులో చెప్పాను.

"కాం" అన్నారు గున్నమ్మ గారు. "అయితే ఆ పేరు ఎనక్కి తీసీసుకోమను పాపా. మూడు తరాల్నించి మోస్తన్నాం. పిల్లకి సమ్మందాలు సూసినప్పుడల్లా ఇదేం పేరని అడిగినోల్లందరికీ జవాబు సెప్పుకున్నాం. ఒద్దంటే ఇక్కడే ఇచ్చీసి ఎల్లిపోతాం."

ఇది ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు, మెత్తబరిచే ఓపిక నాకు లేదు.

మంచం పక్కన అట్లాసు ఉంది, మిస్ దానివైపు చూడలేదు. గుమ్మం వైపు చూసి, ఆయన ఏం పని చేస్తారని అడిగారు. ఇంజన్లు బాగుచేస్తారని చెప్పాను. "ఆవిరివా, డీజిలువా?" అన్నారు. గురునాథరావు గారికి ఆ రెండు మాటలూ నేను చెప్పక్కర్లేకుండానే అర్థమయ్యాయి. రెండూ అని బయటి నుంచే జవాబు చెప్పారు. మిస్ తల ఊపారు. పిల్లలు పాఠం అప్పజెప్పినప్పుడు అలాగే ఊపేవారు.

"నా మంచం ఎక్కడ వేస్తారో అడుగు" అన్నారు.

"కిటికీ కాడ. మా అత్త ఆకరి దాకా అక్కడే పడుకుంది. రేతిరంతా ఇంజన్ల సప్పుడు, ముందే సెప్పీ. తరవాత నన్ననకూడదు."

నేను చెప్పాను. చిన్నప్పటి ఆ ఇంజన్ల చప్పుడు లేకే తనకు భిలాయిలో సరిగ్గా నిద్ర పట్టలేదని, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదని మిస్ అన్నారు. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నారు. అది ఒప్పుకోవడం అని గున్నమ్మ గారికి ఎలా తెలిసిందో గాని, లేచి వంటింటి దారి అడిగారు.

దీపావళి దాకా వాళ్ళు భిలాయిలోనే ఉన్నారు. గున్నమ్మ గారు మిస్‌ను ఎత్తే పద్ధతి వేరు. నేను ఇన్ని నెలలూ చంకల కింద పట్టుకుని లాగేదాన్ని. ఆవిడ మిస్ చేతులు తన మెడ చుట్టూ వేయించుకుని తనే లేస్తారు, మిస్ కూడా లేచేస్తారు. మొదటిసారి మిస్ సిగ్గుపడ్డారు. రెండోసారి "థాంక్యూ" అన్నారు. అదేం మాటని గున్నమ్మ గారు నన్ను అడిగితే చెప్పాను. "ఇంట్లో దానికెందుకు?" అన్నారు. ఇది మాత్రం నేను మిస్‌కు ఇంగ్లీషులో చెప్పలేదు.

వాళ్ళు స్నేహితులైపోయారని అనుకోకండి. ఎండుచేపల వాసనకు మిస్ ముక్కు మూసుకున్నారు. దుప్పటి మడత విషయంలో ఇద్దరూ చెరో భాషలో ఓ పూటంతా వాదించుకున్నారు. చలికాలం గడిచేవరకే వెళ్తున్నానని మిస్ అన్నారు. అలాగే కానీమన్నారు గున్నమ్మ గారు. ఆశ్రమానికి మంచం అక్కర్లేదని రాశాను. సాహూజీకి తాళం ఇచ్చేశాను. ఆయన మిస్ కాళ్ళకు దండం పెట్టారు.

రాయపూర్‌లో పాసింజరు ఎక్కించడానికి గురునాథరావు గారి తోటి రైల్వేవాళ్ళు ఎక్కడి నుంచో ఒక కుర్చీ తెచ్చారు. రైలుపెట్టెలో ఎదురుగా కూర్చున్నాయన అలవాటుగా మీ ఇంటిపేరేమిటని అడిగాడు. గున్నమ్మ గారు చెప్పారు. "ఈవిడది?" అని మిస్‌ను చూపించాడు. "అదే" అన్నారు.

ఇక నా సంగతి. మీరు రమ్మని రాస్తారు. ఆ గదికి కిటికీ ఉందని నాకు గుర్తుంది. అమ్మ మోకాళ్ళు కూడా గుర్తున్నాయి. కాపడం పెడతాను, నాన్నగారూ. పెట్టనని కాదు. కానీ ఒక మంచం పక్కన లేచి మరో మంచం పక్కన కూర్చునే ముందు, నన్ను ఎవరూ పిలవని చోట కొన్నాళ్ళు నిద్రపోవాలని ఉంది. రాత్రి ఎవరైనా దగ్గితే ఇప్పటికీ లేచి కూర్చుంటున్నాను, అది నా పని కాదని తర్వాత తెలుస్తోంది. ఇది అమ్మకు చదివి వినిపించాలో వద్దో మీ ఇష్టం. చదివితే, కోపంతో రాయలేదని చెప్పండి.

ప్రయాణానికి మిస్ ఒకే షరతు పెట్టారు, నేను కూడా వెంట రావాలని. స్కూల్లో సెలవు పెట్టాను. దీపావళి తర్వాతి ఆదివారం నుంచీ నేను కంచరపాలెంలో, గున్నమ్మ గారి ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడ రాత్రి మిస్ పిలిస్తే లేచేది ఆవిడే.

మీ ఛాయ